నూటొక్క రోజులు, ఒక లేని సెక్షన్: బెంగళూరులో నా ఏఐబీఈ చదువు

2024 సెప్టెంబరు 12 రాత్రి పదకొండింటికి ఆలిండియా బార్ ఎగ్జామ్‌కి డబ్బు కట్టాను. లా డిగ్రీ అయ్యాక వకీలుగా కొనసాగాలంటే పాసవ్వాల్సిన పరీక్ష, పొట్టిగా ఏఐబీఈ. మూడు వేల ఐదొందలు, పైన బ్యాంకు చార్జీలు. అప్పటికి పరీక్ష నవంబరు 24 అన్నారు. వేళ్ల మీద లెక్కేస్తే డెబ్బై మూడు రోజులు. మా ఆయన పక్క నుంచి తొంగి చూసి "పుస్తకాలు చూసి రాసే పరీక్షే కదా, భయమెందుకు" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ అలాగే అనిపించింది.

మాది హిందూపురం. పెళ్లయి బెంగళూరొచ్చి పదహారేళ్లయింది, ఉండేది కె.ఆర్.పురంలో. అకౌంట్స్ ఉద్యోగం మానేసి ముప్పై ఎనిమిదో ఏట మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరాను. క్లాసులో పిల్లలంతా నన్ను "అక్కా" అనేవాళ్లు, ఒకరిద్దరు "ఆంటీ" కూడా. మూడేళ్లూ ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టు బట్టీ పట్టాం. కాళ్ల పారాణి ఆరకముందే అన్నట్టు, డిగ్రీ అయిన ఏడాదే, జులై 1న, ఆ మూడూ పోయి, నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ బదులు బీఎన్ఎస్, క్రిమినల్ కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ బదులు బీఎన్ఎస్ఎస్, సాక్ష్యాల చట్టం బదులు బీఎస్ఏ వచ్చి కూర్చున్నాయి. ఏఐబీఈ సిలబస్‌లో కూడా కొత్త చట్టాలు పెట్టారు. నూరు మార్కుల్లో వాటివి 26: బీఎన్ఎస్‌కి 8, బీఎన్ఎస్ఎస్‌కి 10, బీఎస్ఏకి 8. జనరల్ వాళ్లకి 45 వస్తే పాసయ్యే పరీక్షలో 26 అంటే సగానికి పైనే. అవి పోతే పరీక్ష పోయినట్టే.

ఫీజు కట్టిన రెండో రోజే ఇంకో తప్పు చేశాను. ఆన్‌లైన్ కోర్సు ఒకటి కొన్నాను. 6,999 రూపాయలు. "కొత్త చట్టాలతో పూర్తిగా అప్‌డేట్ చేసిన నోట్సు" అని పెద్దక్షరాల్లో ఉంది. పేరు చెప్పను, అలాంటివి పదున్నాయి. వీడియోలు బాగానే ఉన్నాయి, చెప్పేవాళ్లకి గొంతుంది. వాటితోపాటు 212 పేజీల పీడీఎఫ్ ఇచ్చారు. రెండు వారాలు దాన్నే చదివాను. అట్ట వేసి, రంగురంగుల పెన్నులతో గీతలు గీసి, అత్తయ్య వంటింట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే లోపల ఒక టాపిక్ అన్నట్టు.

సెప్టెంబరు 29 ఆదివారం. పద్నాలుగో పేజీ దగ్గర ఆగాను. "మోసం: బీఎన్ఎస్ సెక్షన్ 420" అని ఉంది. ఏదో గుచ్చుకుంది. బీఎన్ఎస్‌లో మొత్తం సెక్షన్లే 358. నాలుగొందల ఇరవై ఎక్కడి నుంచి వచ్చింది? వెనక్కి తిప్పాను. "హత్యకు శిక్ష: బీఎన్ఎస్ 302". అసలు చట్టం తీసి చూస్తే హత్యకు శిక్ష 103లో ఉంది. 302 ఏమిటంటే, ఒకరి మత భావాలను నొప్పించాలని కావాలని మాటలనడం. అంటే పాత నోట్సులో "ఐపీసీ" ఉన్న చోటల్లా "బీఎన్ఎస్" అని మార్చి అమ్మేశారు. కంప్యూటర్‌లో ఒక్క నిమిషం పని. దానికి నేను ఏడు వేలు కట్టి, రెండు వారాలు రంగు పెన్నులతో గీతలు గీశాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. డబ్బు తిరిగివ్వమని మెయిల్ పెడితే పదకొండు రోజులకి జవాబొచ్చింది: వీడియోలు 20 శాతం కన్నా ఎక్కువ చూశారు కనుక కుదరదట.

మనకి "వాడొట్టి ఫోర్ ట్వంటీ గాడు" అన్న తిట్టు ఉంది కదా. ఇప్పుడు మోసం 318లో ఉంది, పాత ఐపీసీ 420లోని నేరం 318లో నాలుగో ఉపసెక్షన్. కానీ "త్రీ ఎయిటీన్ గాడు" అంటే ఎవరికి తగులుతుంది?

ఆ మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏదైనా ముందు ఇండియా కోడ్‌లో చూడడం. కేంద్ర ప్రభుత్వం వాళ్ల సైటు, చట్టాలన్నీ సవరణలతో సహా అక్కడ ఉచితం. సెక్షన్ మీద నొక్కితే సెక్షనే వస్తుంది, పూర్తి పీడీఎఫ్ కూడా దించుకోవచ్చు. లా కాలేజీలో మూడేళ్లు గడిపిన నేను ఆ సైటును అంతకు ముందు ఒకే ఒక్కసారి తెరిచానంటే సిగ్గుగా ఉంటుంది. నోట్సుండగా చట్టం ఎవరు చదువుతారు అన్న ధోరణి మాది. సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే సీపీసీ ఒక్కటే ఇబ్బంది పెట్టింది. 158 సెక్షన్లు చదివి అయిపోయిందనుకున్నాను. అసలు సరుకంతా వెనకున్న మొదటి షెడ్యూల్‌లో, 51 ఆర్డర్లలో ఉంది. దావా పత్రాన్ని తిరస్కరించడం ఆర్డర్ 7 రూల్ 11, తాత్కాలిక ఇంజంక్షన్ ఆర్డర్ 39. పూర్తి పీడీఎఫ్ దించి కిందికి జరుపుకుంటూ వెళ్తేగాని ఇవి కళ్ల పడవు.

రెండోది సంకలన్. జాతీయ నేర గణాంకాల బ్యూరో, అదే ఎన్‌సీఆర్‌బీ, చేసిన యాప్. పాత సెక్షన్ కొడితే కొత్తది, కొత్తది కొడితే పాతది, పక్కపక్కనే పెట్టి చూపిస్తుంది. డబ్బులేమీ లేవు, నెట్ లేకపోయినా పని చేస్తుంది. ఈ ఆఖరు ముక్క నాకు ఎంత పనికొచ్చిందో చెప్తాను. రోజూ పొద్దున కె.ఆర్.పురంలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి సెంట్రల్ కాలేజీ స్టేషన్‌లో దిగి, సిటీ సివిల్ కోర్టు దగ్గర మా సీనియర్ గారి చాంబరుకి వెళ్తాను. ఎంజీ రోడ్డు దాటగానే రైలు భూమిలోకి దిగుతుంది, నా ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. వీడియో చూస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా తలలెత్తి కిటికీలోని చీకట్లోకి చూస్తారు. నేను సంకలన్ తెరిచి రోజుకి పది సెక్షన్లు. భార్యను వేధించడం, పాత 498ఏకి 85, 86. హత్యాయత్నం, 307కి 109. దొంగతనం, 379కి 303లో రెండో ఉపసెక్షన్. ఎలక్ట్రానిక్ సాక్ష్యం, ఎవిడెన్స్ యాక్టు 65బీకి బీఎస్ఏలో 63. దిగాక మెట్లెక్కుతూ మళ్లీ మనసులో చదువుకోవడం. ఎస్కలేటర్ మీద నిలబడి "నూటొకటి హత్య, నూటమూడు శిక్ష" అని గొణుగుతుంటే ముందున్నాయన ఒకసారి వెనక్కి తిరిగి చూసి రెండు మెట్లు పైకెక్కాడు.

చాంబరులో మాత్రం ఇంకో తంటా. జులై 1కి ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీయే వర్తిస్తుంది. కాబట్టి ఆఫీసులో ఫైళ్లు పాత నంబర్లు, పరీక్షకి కొత్త నంబర్లు. అన్నిటికన్నా ముంచింది 482. సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకెళ్లే పిటిషన్. బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు. క్వాషింగ్, అంటే ఆ కేసు కొట్టివేత, ఇప్పుడు 528. అక్టోబరులో ఒకరోజు సార్ "అమ్మా, ఆ 482 డ్రాఫ్టు తీసుకురా" అన్నారు. నేను రాత్రంతా చదివిన ఊపులో యాంటిసిపేటరీ బెయిలు ఫార్మాటు ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "కొత్త 482 ఇచ్చావు, నాకు పాత 482 కావాలి" అన్నారు. పక్కనున్న గుమాస్తా నవ్వాపుకోలేక బయటికెళ్లాడు. ఆ ఒక్క అవమానంతో ఆ నంబరు జన్మలో మర్చిపోను. పరీక్షకి ఇంతకన్నా మంచి నోట్సు లేదు.

టెలిగ్రామ్ గ్రూపుల సంగతీ చెప్పాలి. అనంతపురం, చిత్తూరు, కడప పిల్లలు కలిసి పెట్టుకున్న గ్రూపులో నన్నూ చేర్చారు. నాలుగు రోజుల్లో ఫోన్ నిండిపోయింది, 11 జీబీ. అమ్మాయి పుట్టినరోజు ఫొటోలు తీయబోతే "స్టోరేజ్ లేదు" అంది. ఆ ఫైళ్లలో నేను తెరిచినవి ఇరవై ఉంటాయేమో. సగం స్కాన్ చేసిన పుస్తకాలు, అంటే దొంగ సరుకు, చట్టం చదివేవాళ్లమే దొంగతనం చేయడం. మిగతావి పాత ఏఐబీఈ ప్రశ్నపత్రాలు. అవి మాత్రం నిజంగా పనికొచ్చాయి, ఆ 26 మార్కుల ప్రశ్నలు వదిలేసి మిగతా 74కి. రాజ్యాంగం, సీపీసీ, కాంట్రాక్టు, ఫ్యామిలీ లా ప్రశ్నలు ఎలా అడుగుతారో అక్కడే అర్థమైంది. ఐదు పేపర్లు గడియారం పెట్టుకుని రాశాను. మొదటిది 41. బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను, అత్తయ్యకి వినపడకుండా.

నవంబరు మొదటివారంలో చాట్‌బాట్ వైపు మళ్లాను. పిల్లలందరూ వాడుతున్నారు, నేనెందుకు వెనకబడాలని. ఎలక్ట్రానిక్ సాక్ష్యం మీద సుప్రీంకోర్టు తీర్పులు మూడు చెప్పమన్నాను. చక్కగా చెప్పింది. అన్వర్ వర్సెస్ బషీర్, 2014. అర్జున్ పండిట్‌రావు ఖోట్కర్, 2020. ఈ రెండూ కాలేజీలో విన్నవే. మూడోది కొత్త పేరు, 2021 నాటిదంది, సైటేషన్ కూడా, అంటే తీర్పు ఏ సంపుటంలో ఏ పేజీలో ఉందో కూడా ఇచ్చింది, పేరా నంబరుతో సహా. పద్నాలుగో పేజీ దెబ్బ తిన్నదాన్ని కనుక వెళ్లి ఈ-ఎస్‌సీఆర్‌లో వెతికాను. సుప్రీంకోర్టు 2023 జనవరిలో తన తీర్పుల నివేదికలను ఉచితంగా పెట్టిన చోటు అది. లేదు. తీర్పులు వెతుక్కునే ఇంకో సైటు ఇండియన్ కానూన్‌లో వెతికాను. లేదు. ఆ సైటేషన్ దగ్గర వేరే ఏదో సర్వీసు వివాదం ఉంది. "ఈ తీర్పు ఉందా?" అని దాన్నే నిలదీస్తే, "క్షమించండి, పొరబడ్డాను" అని ఇంకో పేరు చెప్పింది. అదీ లేదు! మా ఊళ్లో దొంగ సాక్షులు ఇంకాస్త నయం, రెండోసారి అడిగితే కనీసం తడబడతారు.

(తర్వాత 2025 మార్చిలో పేపర్లో చదివాను. ఈ బెంగళూరులోనే ఒక కింది కోర్టు ఉత్తర్వులో అసలు లేని సుప్రీంకోర్టు తీర్పులు ఉదహరించారని హైకోర్టు తప్పుపట్టిందట. నాది పరీక్ష, అది ఒకరి దావా.)

చాట్‌బాట్‌ని పూర్తిగా మానలేదు లెండి. సెక్షన్ వాక్యం నేనే దాని ముందు పెట్టి "దీన్ని తెలుగులో మామూలు మాటల్లో చెప్పు" అంటే బాగా చెప్తుంది. పేర్లు, నంబర్లు మాత్రం అడగను.

ఇంకో వింత. కాలేజీలో ఉన్నప్పుడు ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర అనే చందా కట్టి తీర్పులు చదివే సైట్లు లైబ్రరీ లాగిన్‌తో వాడేవాళ్లం. డిగ్రీ అయ్యాక ఒకరోజు పాస్‌వర్డ్ కొడితే తీసుకోలేదు. సొంతంగా చందా కట్టే స్తోమత జూనియర్‌కి ఉండదు. ఉన్నన్నాళ్లూ దాన్ని అసైన్‌మెంట్ కాపీకొట్టడానికి మాత్రమే వాడాను. ఇప్పుడు చదువుతున్న పిల్లలు ఆ లాగిన్ ఉండగానే ముఖ్యమైన తీర్పులు కుదురుగా చదువుకోండి.

నవంబరు 24 కాస్తా డిసెంబరు 1 అయింది, డిసెంబరు 1 కాస్తా 22 అయింది. మొదటిసారి వాయిదా పడ్డప్పుడు పండగ చేసుకున్నాను. రెండోసారి నీరసం వచ్చింది. పరుగు పందెంలో దారం దగ్గరికొచ్చాక ఇంకో రౌండు కొట్టమన్నట్టు. మా చెల్లెలి గృహప్రవేశం డిసెంబరు 22నే, హిందూపురంలో. "నువ్వు లేకుండా పాలు పొంగిస్తే నాకెట్లుంటుందే అక్కా" అని అది ఫోన్‌లో ఏడుపు. నేనిక్కడ ఏడుపు. అత్తయ్య వెళ్లొచ్చారు నా బదులు.

దొరికిన మూడు వారాల్లో పదిరోజులు నేనే పాడుచేసుకున్నాను. రాజ్యాంగం కోసమని ఒక సైటు తెరిచాను, రాజ్యాంగ సభ చర్చలన్నీ ఉంటాయి. నడిపేది ఈ బెంగళూరు సంస్థే, సెంటర్ ఫర్ లా అండ్ పాలసీ రీసెర్చ్. అధికరణం పట్టుకుంటే దాని మీద సభలో ఎవరేమన్నారో దారి చూపిస్తుంది. అక్కడ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు దొరికారు. అప్పటికింకా జి. దుర్గాబాయి. రాజ్యసభకి కనీస వయసు 35 అని ఉంటే 30 చేయమని సవరణ తెచ్చిందావిడే. మన ఆంధ్రావిడ, వకీలు, అంతమంది మగవాళ్ల మధ్య లేచి నిలబడి వయసు తగ్గించమంటోంది. రాత్రి ఒంటిగంట దాకా ఆవిడ మాట్లాడిందల్లా వెతికి చదివాను. పరీక్షలో ఒక్క ప్రశ్న రాలేదు. అయినా ఆ పదిరోజుల మీద నాకు కోపం లేదు.

భాష దగ్గర కూడా కొంత ఊగిసలాడాను. ఏఐబీఈని తెలుగులోనూ రాయొచ్చు. కేంద్ర ప్రభుత్వం సైట్లో రాజ్యాంగం తెలుగు ప్రతి ఉంది, దించుకుని చూశాను. కానీ మూడేళ్లు ఇంగ్లీషు మాటలతో చదివి చివర్లో ప్రతి మాటకీ "ఇది దేనికి తెలుగు" అని వెనక్కి అనువదించుకోవడం నావల్ల కాదనిపించి ఇంగ్లీషే పెట్టాను. కడప అబ్బాయి ఒకడు తెలుగులో రాశాడు. వాడికి హాయిగానే ఉందట.

పుస్తకాలు లోపలికి తీసుకెళ్లొచ్చు, నోట్సు లేని బేర్ యాక్టులు, అంటే ఉత్త చట్టం పాఠం ఉన్న పుస్తకాలు మాత్రమే. ప్రింటవుట్లు ఒప్పుకుంటారో లేదోనన్న భయంతో అచ్చు పుస్తకాలే కొన్నాను. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి, కానీ కొత్త మూడు చట్టాలకి పాత పుస్తకాలెక్కడుంటాయి? అవి కొత్తవే కొనాలి. పద్నాలుగు పుస్తకాలకి 1,640 అయింది. వాటిల్లో నేను పెన్సిల్‌తో రాసుకున్నవి ఉన్నాయని డిసెంబరు 20న గుర్తొచ్చింది. నేనూ మా అమ్మాయీ రెండు రబ్బర్లు పెట్టి అర్ధరాత్రి దాకా చెరిపాం. "అమ్మా, ఇక్కడ 'సార్ తిట్టిన సెక్షన్' అని ఉంది, చెరిపేయనా?" అంది. అది 482.

పరీక్ష మధ్యాహ్నం. కేంద్రం దగ్గర సంచులు మోస్తున్నవాళ్లని చూస్తే కూరగాయల మార్కెట్ గుర్తొచ్చింది. నా సంచి ఐదు కిలోలుంటుంది. గేటు దగ్గర పుస్తకాలు ఒక్కొక్కటీ తిరగేశారు. నేను అంటించుకున్న రంగు చీటీలు తీసేయమన్నారు. మెట్ల మీద కూర్చుని నలభై చీటీలు పీకాను. అన్నీ పీకాక తెలిసింది, అవి లేకపోయినా చేతికి దారి తెలుసని. మెట్రోలో పొద్దున పది సెక్షన్ల పుణ్యం. బీఎన్ఎస్‌లో స్త్రీలు, పిల్లల మీద నేరాలు ముందు, హత్య తర్వాత, ఆస్తి నేరాలు ఇంకా వెనక. ఆ వరస తెలిస్తే పేజీ దొరుకుతుంది.

మూడున్నర గంటలు, నూరు ప్రశ్నలు. ఒక్కోదానికి 126 సెకన్లు. పుస్తకం చూసి రాసేదే కదా అన్న మా ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాల్సింది. ఒక ప్రశ్నకి పుస్తకం తీసి, విషయసూచిక చూసి, పేజీ తిప్పి, చదివి, ఓఎంఆర్ షీటులో గుండ్రం నింపేసరికి నాలుగు నిమిషాలు. బల్ల మీద ప్రశ్నపత్రం, షీటు పెట్టాక పుస్తకానికి చోటుండదు, ఒళ్లో పెట్టుకోవాలి. ముప్పై ప్రశ్నలకి మించి పుస్తకం తీయలేదు. నెగెటివ్ మార్కులు లేవు కనుక ఆఖర్లో తెలియని తొమ్మిదిటికీ దేవుడిమీద భారం వేసి గుండ్రాలు దిద్దాను. బయటికొచ్చేసరికి కుడి చూపుడువేలు నల్లగా ఉంది.

ప్రాథమిక కీ కొద్దిరోజుల్లోనే వచ్చింది. చూసుకుంటే 61 దాకా లెక్కొచ్చింది. అయినా ఫలితం వచ్చేదాకా నమ్మకం లేదు. మార్చిలో వచ్చింది. కోర్టు వరండాలో నిలబడి ఫోన్‌లో చూశాను. సార్ లోపల్నుంచి "ఏమైందమ్మా" అన్నారు. "పాసయ్యాను సార్" అన్నాను. "సరే, ఆ 528 డ్రాఫ్టు తీసుకురా" అన్నారు. ఆయన కొత్త నంబరు చెప్పడం అదే మొదటిసారి.

ఖర్చులు అడిగేవాళ్ల కోసం: ఫీజు మూడున్నర వేలు, పుస్తకాలు 1,640, పాత పేపర్లు ప్రింటు తీసుకున్నందుకు 380, రంగు పెన్నులు, చీటీలు ఓ నూటయాభై. ఆ ఏడు వేలు కూడా ఖర్చే, దాన్ని ఏ పద్దులో రాయాలో మాజీ అకౌంటెంటునైనా నాకు ఇంకా తెలియలేదు.

నిన్న రాత్రి గ్రూపులోకి మళ్లీ ఒక పీడీఎఫ్ వచ్చింది. కొత్త అట్ట, కొత్త పేరు. "ఫ్రెండ్స్, చాలా ముఖ్యం, అందరికీ పంపండి" అని కింద రాశారు. పద్నాలుగో పేజీకి వెళ్లి చూశాను. బీఎన్ఎస్ 420 అక్కడే ఉంది.